ట్యాంకు అడుగున నీళ్లు

ఔలు, ఫిన్లాండ్, జనవరి 11

నాన్నా,

ముందు వేలి సంగతి. వీడియోలో కట్టు చూసినప్పటి నుంచి అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదట, తమ్ముడు మెసేజ్ పెట్టాడు. నిజంగా ఏమీ కాలేదు. మా ల్యాబులో చలి పరీక్షలు చేసే గది, కోల్డ్ చాంబర్ అంటారు, అందులో ఇనప క్లాంప్‌ని గ్లవ్స్ లేకుండా ముట్టుకున్నాను, చర్మం అతుక్కుపోయి బొబ్బ లేచింది, అంతే. తప్పు నాదే. నర్సు చూసింది, తగ్గిపోతోంది, ఈ ఉత్తరం కూడా ఆ చేత్తోనే రాస్తున్నా. లోపల మైనస్ 60 అని మాత్రం అమ్మకి చదివి వినిపించకు.

బయట ఈరోజు మైనస్ 22. పొద్దున పది దాటితే గానీ సూర్యుడు రాడు, మూడు కాకుండానే పోతాడు. అయినా ఇక్కడ ముసలివాళ్లు కూడా మంచు మీద సైకిల్ తొక్కుతారు. జారకుండా టైర్లకి చిన్న చిన్న మేకులుంటాయి నాన్నా! నువ్వు ముప్పై ఏళ్లు టైర్లలోంచి మేకులు పీకావు, వీళ్లు డబ్బులిచ్చి మరీ పెట్టించుకుంటున్నారు.

పని ఎలా ఉందని అడుగుతావుగా. సిలికాన్ రబ్బరుతో రోబోకి మెత్తటి వేళ్లు చేస్తున్నాం. లోపల గాలి గదులుంటాయి, ఒక పక్క సాగని గుడ్డ అతికిస్తాం, గాలి పంపితే వేలు ఆ పక్కకి వంగుతుంది. మామూలు గదిలో బాగానే వంగేది. మైనస్ 40కి వెళ్లగానే ఆగిపోయేది. రబ్బరు బిగుసుకుపోతోందని మూడు వారాలు రబ్బరునే తిట్టుకున్నాం. ఒకరోజు రాత్రి సన్న ట్యూబు కోసి చూస్తే లోపల మంచు బిరడా! గాలిలోని తేమే గడ్డకట్టి దారి మూసేసింది. నాకు వెంటనే మన షాపు గుర్తొచ్చింది. పొద్దున్నే కంప్రెసర్ కింద కుళాయి తిప్పి నువ్వు నీళ్లు వదిలేవాడివి, గాలి పట్టే దాంట్లో నీళ్లెక్కడివి నాన్నా అని అడిగితే గాలిని నొక్కితే చెమట పడుతుందే అనేవాడివి. ఇక్కడ ఇంతమంది పీహెచ్‌డీలం ఉండి ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడు సిలిండర్‌లోంచి పొడి నైట్రోజన్ వాడుతున్నాం.

రబ్బరు గొడవ కూడా ఉందిలే. మామూలు సిలికాన్ మైనస్ 45 దగ్గర్లో స్ఫటికాలు కట్టి గట్టిపడుతుంది. దాని అణువుల్లో అక్కడక్కడ ఫినైల్ అనే లావుపాటి గుంపులు కలిపితే ఆ అణువులు వరసగా పేరుకోలేవు, మైనస్ 100 దాకా మెత్తగానే ఉంటుంది. ఖరీదు మాత్రం అడగకు. 1986లో అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ పేలిపోయి ఏడుగురు చనిపోయింది కూడా చలికి రబ్బరు రింగు బిగుసుకోవడం వల్లే, అది ఎగిరే వేళకి చలి ఎంతనుకున్నావు, 2 డిగ్రీలు!

షాపు ఖాళీ చేస్తున్నట్టు నాకు ముందే చెప్పొచ్చుగా. వద్దనేదాన్ని కాదు. దూరంగా ఉండి సలహాలిస్తున్నానని తమ్ముడు అంటాడు, అననీ. టైర్లు, రేకులు ఇచ్చేయండి, కంప్రెసర్ మాత్రం తూకానికి వేయొద్దు. జూన్‌లో వస్తాను, ఎక్కడ పెట్టాలో అప్పుడు చూద్దాం.

గోంగూర పచ్చడి అయిపోయింది, పెరుగన్నంలోకి నంజుకోవడానికి ఏమీ లేదు. అమ్మకి చెప్పు, కానీ పార్సిల్ అని హడావిడి పడనివ్వకు.

మోకాలికి పట్టీ వేసుకుంటున్నావా? తమ్ముణ్ణి అడిగితే ఆ, ఆ అంటున్నాడు, నాకు నమ్మకం లేదు. ఈసారి వీడియోలో చూపించు.

నీ చిన్ని