మేత కొట్టు పుస్తకం, క్యాట్ స్కోరు

నెల్లూరు,
14 సెప్టెంబర్ 2025, ఆదివారం.

ఒరేయ్ బుజ్జీ,

నీ మెసేజ్ రాత్రి పదకొండు దాటాక చూశా. ఆ వేళప్పుడు అంత పొడుగు మెసేజ్ పెట్టావంటే ఎంత టెన్షన్‌లో ఉన్నావో అర్థమైంది. ఫోన్ చేద్దామనుకుని ఆగిపోయా. ఫోన్‌లో అయితే సగంలోనే "సరేలేరా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నా. అమ్మ చేపల పులుసు పెడుతోంది, అన్నం పిలుపు వచ్చేలోపు ఎంత రాస్తే అంత.

ఐఐఎంల ఎంబీఏ సీట్ల కోసం రాసే క్యాట్‌లో 91 పర్సంటైల్ వచ్చింది, ఈ స్కోరుతో ఫైనాన్స్‌లో నన్నెవరు తీసుకుంటారు, నవంబర్ 30న మళ్ళీ రాయనా, లేక విదేశీ ఎంబీఏ కాలేజీలు కూడా చూసే జీమ్యాట్ పరీక్షకి డబ్బు కట్టనా అని కదా అడిగావు. స్కోర్లు ఎవరూ చూడరని నీకు అబద్ధం చెప్పను. చూస్తారు. ఏ తలుపు దగ్గర చూస్తారో తెలుసుకుంటే నీ భయం సగం తగ్గుతుంది.

ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగమైతే మార్కే ఉద్యోగం. బ్యాంకు ఆఫీసర్ల కోసం పెట్టే ఐబీపీఎస్ పీవో పరీక్ష ప్రిలిమ్స్‌లో గంటలో వంద ప్రశ్నలు, తప్పు పెడితే ఆ ప్రశ్న మార్కులో పావు వంతు పోతుంది. ఆ మార్కులు మెయిన్స్‌కి పంపడం వరకే. చివరి లిస్టులో మెయిన్స్‌కి 80, ఇంటర్వ్యూకి 20 వెయిటేజీ. మనతో చదివిన వాళ్ళలో అర మార్కులో పోగొట్టుకున్న వాళ్ళని చూశాం. అక్కడ స్కోరు గురించి బెంగపడటంలో తప్పు లేదు.

క్యాట్ సంగతి వేరు. అది కాలేజీ గేటు. పోయినేడు 2.9 లక్షల మందికి పైగా రాశారు. 91 అంటే నీకు పైన దాదాపు ఇరవై ఆరు వేల మంది. నువ్వు వాళ్ళనే లెక్కేసుకుని కుమిలిపోతున్నావు. నీ వెనక రెండున్నర లక్షలకు పైగా ఉన్నారు, వాళ్ళ మాటే ఎత్తవు. పేరున్న ఐఐఎంలకి 91 చాలదు, నిజమే. కానీ ఆ స్కోరు ఒక్క ఏడాది అడ్మిషన్ల కోసం ఇచ్చింది, ఆ ఏడాదితో దాని పని అయిపోతుంది. దాన్ని నీ నుదుటి రాతలా మోస్తున్నావెందుకురా?

జీమ్యాట్‌ది ఇప్పుడు 205 నుంచి 805 దాకా స్కోరు, రెండుంపావు గంటల పరీక్ష, ఐదేళ్ళు చెల్లుతుంది. అదీ ముందు కాలేజీ కోసమే. ఉద్యోగానికి పరీక్ష స్కోరు అడిగే అలవాటు అమెరికాలో కొన్ని ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులకి, కన్సల్టింగ్ కంపెనీలకి ఉంది. ఎప్పుడో పదిహేడేళ్ళప్పుడు 1600కి రాసిన శాట్ స్కోరు కూడా దరఖాస్తులో వేయమంటారు. కారణం కష్టమైనదేం కాదు. ఇరవై ఒక్కేళ్ళ పిల్లాడి దగ్గర చూడటానికి చేసిన పనంటూ ఉండదు, దరఖాస్తులేమో వేలల్లో వస్తాయి, జల్లెడ పట్టడానికి ఏదో ఒక అంకె కావాలి. రెండు మూడేళ్ళు పని చేసిన వాడిని మాత్రం ఏం చేశావనే ముందు అడుగుతారు.

ఆ జల్లెడ నన్నూ కొట్టింది. నీకెప్పుడూ చెప్పలేదు. డిగ్రీ అయిన ఏడాది చెన్నైలో ఒక కంపెనీకి ఆన్‌లైన్‌లో అప్లై చేశా. ఇంటర్ మార్కుల దగ్గర 58 అని కొట్టగానే ఎర్ర గీత పడింది, ఫారం ముందుకి పోలేదు. రెండు శాతం తక్కువైనందుకు నా పేరు కూడా ఎవరూ చదవలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే నీ బాధ చిన్నదని నేననను.

తర్వాత ఇక్కడి బ్యాంకు ఇంటర్వ్యూలో పెద్దాయన ఒకరు నా ముందుకి తెల్ల కాగితం తోసి, "ఒక రైతు మూడెకరాల రొయ్యల గుంటకి అప్పడిగాడు. ఏమేం అడుగుతావో రాయి" అన్నారు. రొయ్య పిల్ల ఎక్కడ కొన్నాడు, గుంట సొంతమా లీజా, మేత రొక్కమా అరువా, కరెంటు పోతే జనరేటర్ ఉందా, పోయిన పంటలో తెల్లమచ్చ జబ్బు వచ్చిందా అని రాశా. ఆయన రెండు సార్లు చదువుకుని, అరువు మేత దగ్గర వేలు పెట్టి అరగంట మాట్లాడారు. మార్కుల మాట రాలేదు.

మొన్న గురువారం ఒక రైతు అప్పు లిమిట్ రెన్యూవల్ ఫైలు పట్టుకుని విడవలూరు పక్కన అతని రొయ్యల గుంటకి పోయా. నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతున్నాయి. మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేని రైతు పైకి లాగి నా ముందు పెట్టాడు. మేత కొంచెం మిగిలింది, రొయ్యలు గాజు ముక్కల్లా ఎగురుతున్నాయి. పట్టేద్దామంటే ఇంకా చిన్నవి, కౌంట్ 80, అంటే కిలోకి 80 తూగుతాయి. ఇంకో ఇరవై రోజులు ఆపితే 60కి వస్తాయి. కానీ పోయిన నెల అమెరికా సుంకం 50 శాతం చేశాక రేటు పడింది, పెద్ద రొయ్యకి ఆశించిన ధర వస్తుందన్న ధైర్యం లేదు. ఆపిన ప్రతి రోజూ మేత ఖర్చు, కరెంటు ఖర్చు, జబ్బు భయం. "సార్, మీరైతే ఏం చేస్తారు?" అని అడిగాడు. గట్టు మీదే కూర్చుని ఇద్దరం లెక్కేశాం. సగం ఇప్పుడు పట్టి సగం ఆపితే వాయిదా ఏ తేదీకి కట్టగలడో చూశాం. ఫైనాన్స్ అంటే నాకు ఇదేరా. డబ్బు ఎప్పుడు పోతుంది, ఎప్పుడు తిరిగొస్తుంది, మధ్యలో ఏం జరిగితే రాదు.

ఈ మూడూ నీకు పదో తరగతి నుంచే తెలుసు. అల్లూరులో మీ నాయన రొయ్యల మేత కొట్టు అరువు పుస్తకం రాసింది ఎవరు? రొక్కానికి ఒక రేటు, పంట మీద ఇచ్చేవాడికి బస్తాకి ఇంకొంత ఎక్కువ, ఆ ఎక్కువే వడ్డీ అని నాకు చెప్పింది నువ్వే కదా. ఎవరికి పది బస్తాల మీద ఆపాలో, ఎవరికి వంద ఇచ్చినా పర్లేదో మీ నాయన నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవాడు. నువ్వు పంపిన రెజ్యూమెలో ఆ ముక్క లేదు. హైదరాబాద్‌లో రెండేళ్ళు చూసిన రీకన్సిలియేషన్, అదే రెండు చోట్ల లెక్కలు సరిపోల్చే పని, ఒక్క వరుసలో ముగించావు. పైన మాత్రం లావు అక్షరాల్లో క్యాట్ 91. అది తీసెయ్. లెక్కల సెక్షన్‌లో 97 అన్నావు కదా, కావాలంటే అది కింద చిన్నగా పెట్టు.

షేర్ మార్కెట్ వైపు పోవాలనుంటే, ఆ రంగం వాళ్ళకి పరీక్షలు పెట్టే ఎన్‌ఐఎస్‌ఎం సంస్థ వాళ్ళ రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష రాయి. 60 శాతం వస్తే పాస్, సర్టిఫికెట్ మూడేళ్ళు చెల్లుతుంది. అందులో ఎవరికెంత వచ్చిందని ఎవరూ పోటీ పడరు, పాసయ్యావా లేదా అంతే.

మంచి ఎంబీఏ చదవాలన్న కోరిక నీకు నిజంగా ఉంటే మాత్రం క్యాట్ మళ్ళీ రాయి, నేనే ఫీజు కడతా. 91 అన్న అంకె మీద కోపంతో అయితే వద్దురా. ఇంకో ఏడాది గదిలో తలుపేసుకుని కూర్చుంటే చూడలేను.

అన్నానికి పిలుస్తున్నారు. దసరాకి సింహపురి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకో, ఇప్పటికే వెయిటింగ్ లిస్ట్ నడుస్తుంటుంది. అల్లూరు పోయి మీ నాయన్ని అడిగి ఆ పాత అరువు పుస్తకాలు రెండు తీసుకో. ఎంత ఇచ్చారు, ఎన్ని రోజులకి వచ్చింది, ఎంత మునిగింది, మూడూ ఒక పేజీలోకి రాద్దాం. రెజ్యూమె అక్కడి నుంచి మొదలుపెడదాం.

నీ
శీను