నెల్లూరులో ఊదే పరీక్ష చేసిన అమ్మాయికి

రాత్రి పన్నెండు దాటాక ఉదయగిరి చేరాం. అమ్మ నిద్రపోతోంది. నాకు కన్ను మూతపడటం లేదు.

నెల్లూరు ఆసుపత్రిలో ఊపిరి పరీక్ష చేసిన తల్లీ, నీ పేరు అడగాలని కూడా తోచలేదు నాకు. గొట్టాన్ని పెదవులతో బిగించి ఊదమంటే అమ్మ కట్టుడు పళ్ళు జారిపోయాయి. బయట వరుసలో జనం గొణుగుతున్నారు. నువ్వు ఆ పళ్ళు నీ చేత్తో తీసి, కడిగి, నీ టిఫిన్ డబ్బా మూతలో పెట్టావు. నాకు ఏడుపు ఆగలేదు. కన్నకూతురినై ఉండి నేను వాటిని ఏనాడూ ముట్టుకోలేదు.

అమ్మ ఆయాసం తీర్చుకుంటుంటే "మీ పుట్టిల్లు ఎక్కడమ్మా?" అన్నావు. ఈ ఆయాసంతో ఆసుపత్రుల చుట్టూ తిరిగిన నాలుగేళ్లలో ఎవరూ అడగని మాట. పులివెందుల వైపు, రాతినార (ఆస్‌బెస్టాస్) గని పక్కన అంది అమ్మ. గుట్టలుగా పోసిన పొడిలో ఆడుకునేవాళ్లమనీ, రాయి గీరితే వచ్చే పోగులతో బొమ్మలకు జుట్టు పెట్టేవాళ్లమనీ నవ్వుతూ చెప్పింది. నువ్వు నవ్వలేదు. అంతా కాగితం మీద రాసి డాక్టరుగారి దగ్గరికి నువ్వే వెళ్లావు.

ఆయన పాత సీటీ స్కాన్ ఫిల్ములు మళ్లీ బయటికి తీయించి చూశారు. ఊపిరితిత్తుల పైపొర మీద రెండు వైపులా సున్నపు మచ్చలు, కింది భాగాలు గట్టిపడి ఉన్నాయి. ఇన్నాళ్లూ పాత టీబీ అన్నవి అవే. చిన్నప్పుడు పీల్చిన ఆ రాతినార ధూళి చేసిన చేటు 40, 50 ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుందట. ముక్క తీసి పరీక్షించే పని తప్పింది. గట్టిపడింది మాత్రం మళ్లీ మెత్తబడదు.

కళ్లెలో క్రిములు లేవని రెండుసార్లు వచ్చినా ఆరు నెలలు టీబీ మందులు మింగించారే, వాళ్లనేమనాలి? వాంతులతో మనిషి సగమైంది. రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులు 40 ఏళ్లు దాచాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మ కార్మికురాలు కాదు, గని పక్కింటి పిల్ల. ఏ రికార్డులో ఉంటుంది ఆమె పేరు? పరిహారమూ పనిచేసినవాళ్లకే. పోనీలెండి.

మా ఆయన, తమ్ముడు తిరిగారు, డబ్బు సర్దారు. వాళ్లకు వేరే చెప్పేదేముంది.

అన్నట్టు, ఆత్మకూరులో అమ్మ దగ్గు ఆగేదాకా బస్సు ఆపించిన కండక్టరుగారికి దండాలు. స్కాన్ ఫిల్ములు ఆటోలో వదిలేస్తే వెనక్కి తెచ్చిచ్చిన అబ్బాయికి కూడా. అయ్యో, మూడు రోజులు మా గేదెను చూసుకున్న పక్కింటి వదినను మరిచేపోయాను.

తల్లీ, నీ డబ్బా మూత మా సంచిలో వచ్చేసింది. వచ్చే నెల చూపించుకోవడానికి వచ్చేటప్పుడు తెస్తాను.