బుధవారం వక్తల నిధి: 2024–25 జమా ఖర్చుల వివరణ

మన సేవా సంఘం సభ్యులకు, చందాలిచ్చిన దాతలకు, ప్రతి బుధవారం చెన్నై పానగల్ పార్కు దగ్గరి మన హాలుకు వచ్చి వక్తల మాటలు విని వెళ్ళే పెద్దలందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు వక్తల నిధిలో పాత నిల్వతో కలిపి జమ రూ. 1,19,417. ఖర్చు రూ. 87,780. మిగిలింది రూ. 31,637. అందులో బ్యాంకు ఖాతాలో రూ. 29,212, కోశాధికారి చేతిలో రూ. 2,425 ఉన్నాయి. హాలు అద్దె, సభ్యుల టీ టిఫిన్లు, వైద్య శిబిరాల ఖర్చు ఇందులో లేవు. అవి సాధారణ ఖాతా పద్దులు, వాటి లెక్క కార్యదర్శి విడిగా ఇస్తారు.

మామూలుగా ఈ లెక్క ఒక పేజీలో ముగుస్తుంది. ఈసారి కాస్త పొడుగ్గా రాయాల్సి వచ్చింది. కిందటేడు శాలువాలు, జ్ఞాపికలు, పూలగుత్తులకు రూ. 23,900 ఖర్చు పెట్టాం. వక్తల దారి ఖర్చులకు పోయింది రూ. 6,200 మాత్రమే. ఈ ఏడు శాలువాలకు ఒక్క రూపాయి పెట్టలేదు, దారి ఖర్చులకు రూ. 27,480 అయింది. ఇంత మార్పు ఎందుకు చేశారని కొందరు సీనియర్ సభ్యులు సమావేశంలోనే అడిగారు, ఇంకొందరు ఫోన్లు చేసి అడిగారు. అడగడం వాళ్ళ హక్కు. జవాబు అందరికీ ఒకేసారి చెప్పడం మా బాధ్యత.

ముందు జమ సంగతి. పాత నిల్వ రూ. 11,340. సభ్యుల చందా తలకు రూ. 1,200 చొప్పున 62 మంది నుంచి రూ. 74,400 వసూలైంది. మొత్తం సభ్యులు 65 మంది. రావలసిన ముగ్గురిలో ఒకరు చికిత్సలో ఉన్నారు, ఇద్దరు ఊరు మారారు. వాళ్ళ బాకీ రద్దు చేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాం. తల్లిగారి సంవత్సరీకానికి ఒక సభ్యుడు రూ. 10,000, కూతురి పెళ్ళి సందర్భంగా మరొకరు రూ. 5,000 ఇచ్చారు. బ్యాంకు వడ్డీ రూ. 412. మిగిలిన రూ. 18,265 సంతోషాల పెట్టెలో పడింది. మనవడు పుట్టాడనో, కంటి ఆపరేషన్ బాగా జరిగిందనో, ఇల్లు రిజిస్ట్రేషన్ అయిందనో లేచి చెప్పి పెట్టెలో వేసిన నోట్లు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు వేసిన ఇరవైలు కలిపి అంత. ప్రతి బుధవారం ఇద్దరు సభ్యులు కలిసి లెక్కపెట్టి, నోటుపుస్తకంలో రాసి సంతకాలు చేశారు. ఆ పుస్తకం చూడాలనుకున్నవాళ్ళు చూడవచ్చు.

ఏడాదిలో 52 బుధవారాలు వచ్చాయి. శ్రీరామనవమి, క్రిస్మస్, జనవరి 1, కనుమ బుధవారాలే కావడంతో ఆ నాలుగు రోజులు సమావేశం పెట్టలేదు. అక్టోబరు 16న రెడ్ అలర్ట్ వచ్చింది. వేళచ్చేరిలో జనం కార్లు తెచ్చి ఫ్లైఓవర్ మీద పెట్టుకున్నది ఆ వానలకే. ఆ రోజుదీ రద్దయింది. మిగిలిన 47 సమావేశాల్లో 38 మంది అతిథి వక్తలు మాట్లాడారు. తొమ్మిది వారాలు క్లబ్బు సొంత పనులకు పోయాయి.

ఇక ఖర్చు. పెద్ద పద్దు దారి ఖర్చులు. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన తొమ్మిది మందికి రైలు, బస్సు ఛార్జీలు రూ. 19,360, నగరంలో ఆటోలకు, టాక్సీలకు రూ. 8,120 అయ్యాయి. రాత్రి ఉండాల్సి వచ్చిన ముగ్గురికి పెరియమేడు లాడ్జిలో గదికి రూ. 1,800 చొప్పున రూ. 5,400. పని మానుకుని వచ్చిన నలుగురికి కూలి కింద రూ. 5,500. అతిథికీ, తోడు వచ్చినవారికీ భోజనాలకు రూ. 9,120. కార్డ్‌లెస్ మైకు సెట్టు రూ. 6,850. ప్రొజెక్టరు అద్దె 11 సార్లకు రూ. 6,600. ఉపన్యాసాలు టైపు చేయించి పుస్తకంగా వేయడానికి ఇంతవరకు రూ. 14,000. వక్తలకు కానుకగా ఇచ్చిన తెలుగు పుస్తకాలు రూ. 5,700. పిల్లల చదువుకు రూ. 6,000. ఫోను, పోస్టు, కవర్లు, చిల్లర ఖర్చు రూ. 1,130.

కూలి కింద ఇచ్చిన రూ. 5,500 గురించే ఎక్కువ మాట వచ్చింది, కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాం.

సేవా సంఘంలో మాట్లాడడానికి పైకం ఏమిటి అన్నది అభ్యంతరం. ఆ మాటకు మూలం ఉంది. 1905లో చికాగోలో పాల్ హారిస్ మరో ముగ్గురిని కూర్చి రోటరీ మొదలుపెట్టినప్పుడు ఒకరి ఆఫీసులో ఒకసారి, ఇంకొకరి ఆఫీసులో ఇంకోసారి కలుసుకునేవారు. మద్రాసులో రోటరీ 1929లో వచ్చింది. మనది ఆ సంస్థకు అనుబంధం కాకపోయినా వారం వారం కలవడం, ఒక అతిథిని పిలిచి వినడం అక్కడి నుంచి నేర్చుకున్నదే. ఇలాంటి సంఘాల్లో అతిథికి సాధారణంగా పారితోషికం ఇవ్వరు. మేమూ ఎవరికీ ఇవ్వలేదు. డాక్టర్లు, లాయర్లు, ఆడిటర్లు సొంత కారులో వచ్చి, సాయంత్రం గంటసేపు మాట్లాడి వెళ్ళారు. వాళ్ళకు పోయేది ఒక సాయంత్రం. వెంకటగిరి నుంచి వచ్చిన నేతన్నకు పోయింది రెండు రోజుల మగ్గం. ఇద్దరికీ ఒకే శాలువా కప్పి పంపితే అది సమానత్వం అవుతుందని మేము అనుకోవడం లేదు.

ఆయన పొద్దున్నే బస్సెక్కి మధ్యాహ్నానికి చెన్నైలో దిగారు. చేతిసంచిలో ఒక నాడె (మగ్గంలో అడ్డనూలు అటూ ఇటూ తీసుకెళ్ళేది), నాలుగు రంగుల నూలు కండెలు, సగం నేసిన జాందానీ అంచు ముక్క తెచ్చారు. ఒక్కో పువ్వుకు విడి నూలు చేత్తో ఎలా ఎక్కిస్తారో, అంచు దగ్గర తప్పితే ఎంత వెనక్కి విప్పాలో బల్ల మీద పరిచి చూపించారు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు లేచి వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు. ఇరవై ఏళ్ళుగా వెంకటగిరి చీరలు కడుతున్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడి నడుం ఏమవుతుందో ఆయన చెప్పేదాకా మనలో ఎవరం అడిగి ఎరగం. ఆయనకు రెండు రోజులకు రూ. 2,200, బస్సు ఛార్జీ, రాత్రి బస ఇచ్చాం. ఇంకా తక్కువే ఇచ్చామేమో అనిపించింది.

మిగిలిన ముగ్గురు ఈ నగరంలోవాళ్ళే. కోయంబేడు పూల మార్కెట్లో చామంతి అమ్మే అన్న ఒకరు, కోడంబాక్కం స్టూడియోల్లో లైట్లు మోసి మోసి భుజం అరిగిపోయిన పెద్దాయన ఒకరు, పారిశుధ్య పని చేసే అక్క ఒకరు. రోజుకు రూ. 1,100 అన్నది మేము పెట్టుకున్న లెక్క. ఒక్కొక్కరి సంపాదన ఒక్కో తీరుగా ఉన్నా ఇవ్వడంలో తేడా చూపకూడదని అందరికీ ఒకే మొత్తం పెట్టాం. సమావేశానికి ముందే, పక్కగదిలో, కవరులో పెట్టి ఇచ్చాం. వేదిక మీద ఇవ్వలేదు, ఫోటో తీయలేదు. ఓచరు మీద సంతకం మాత్రం తీసుకున్నాం.

ఆ అక్క ఓచరు మీద సంతకం తమిళంలో ఉంటుంది. ఆడిటరుగారు ఇది ఎవరిదని అడిగారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. ఆమె ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఈ నగరం వీధులు ఊడ్చే వాళ్ళలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తెలుగు సంఘాల పిలుపు మాత్రం ఆ ఇళ్ళకు వెళ్ళదు. ఆమె మాట్లాడింది ఇరవై నిమిషాలు. చెత్తబుట్టలో పగిలిన గ్లాసు వేసేటప్పుడు కాగితంలో చుట్టి, పైన రాసి ఇమ్మంది. అలా ఇవ్వకపోతే ఏమవుతుందో తన కుడి అరచెయ్యి చాపి చూపించింది. తడి చెత్త, పొడి చెత్త, ఇంట్లోని ప్రమాదకరమైన చెత్త వేరు చేసి ఇవ్వాలని 2016 నిబంధనలే చెబుతున్నాయని మన లాయరు సభ్యుడు లేచి అంటే, ‘నిబంధన మాకు తెలుసన్నా, మీ ఇంట్లో తెలియాలి’ అంది. ఈ ఏడాది పెట్టిన ప్రతి రూపాయిలో దీనికి పెట్టిన రూ. 1,100 మీద మాకు ఎక్కువ తృప్తి ఉంది. ఇది తీసేయమని సర్వసభ్య సమావేశం అంటే కట్టుబడతాం, కానీ మా ఓటు మాత్రం వ్యతిరేకంగానే ఉంటుంది.

దారి ఖర్చుల్లో అతి పెద్ద మొత్తం హైదరాబాదు నుంచి వచ్చిన చరిత్ర అధ్యాపకుడిది, రానూ పోనూ థర్డ్ ఏసీ రూ. 2,640. పానగల్ రాజా గురించి పానగల్ పార్కు పక్కనే వినడం మన అదృష్టం. 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవిలో) ఉన్న రామరాయణింగారు ఆయనేనని, టీ నగర్ అంటే పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరని మన కుర్రాళ్ళలో చాలామందికి ఆ రోజే తెలిసింది.

నెల్లూరు నుంచి రావలసిన రిటైర్డ్ ఇంజనీరుగారి టికెట్లు అక్టోబరు వానలకు రద్దు చేయడంతో రూ. 240 పోయింది. అది కూడా దారి ఖర్చుల్లోనే రాశాం. ఆయన ఫిబ్రవరిలో వచ్చి, మద్రాసుకు కృష్ణా నీళ్ళు వచ్చే దారి గురించి చెప్పారు. ఎన్టీఆర్, ఎంజీఆర్‌ల కాలంలో 1983లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం ప్రకారం ఏటా 15 టీఎంసీలు మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా ఐదు చొప్పున వదులుకోవాలి. దారిలో పోయేది మూడు తీసేస్తే మద్రాసుకు పన్నెండు. శ్రీశైలం, పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల, కండలేరు, అక్కడి నుంచి చెన్నై దగ్గరి పూండి జలాశయం. ఆయన సుద్దముక్కతో బోర్డు మీద గీసిన ఆ కాలువ చివరికి వచ్చేసరికి బోర్డు చాలక గోడ మీదికి వెళ్ళింది. పూండి మొత్తం పట్టేది 3.231 టీఎంసీలే. ఒప్పందంలో ఉన్న నీళ్ళన్నీ ఒక్కసారి వదిలినా పూండిలో దాచుకునే చోటు లేదన్నమాట. 2019 వేసవిలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెప్పించుకున్న ఊళ్ళో ఉంటున్నాం కదా, ప్రశ్నలు తొమ్మిది దాటాక కూడా ఆగలేదు. వాచ్‌మన్ లైట్లు ఆర్పుతానంటే లేచాం.

కొన్ని సమావేశాలకు మనకు అయింది భోజనం ఖర్చే. నేత్రదానం గురించి చెప్పిన డాక్టరుగారు ఏమీ తీసుకోలేదు. చనిపోయిన ఆరు గంటల లోపు కార్నియా తీయాలి, అంతవరకు రెప్పలు మూసి పైన తడి దూది పెట్టాలి, ఫ్యాను ఆపాలి, తల కింద దిండు పెట్టాలి. ఈ నాలుగూ ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలని ఆమె చెప్పించి మరీ పంపారు. ఇలా దారి ఖర్చులు వద్దన్న నలుగురు, తమకు ఇవ్వదలచింది పిల్లల చదువుకు వాడమన్నారు. వాళ్ళ మాట మీద రూ. 6,000తో ఉత్తర చెన్నైలో తెలుగు చదువుకునే పిల్లలకు నిఘంటువులు, నోటుపుస్తకాలు కొనిచ్చాం. బిల్లు, బడి వాళ్ళ రశీదు ఫైల్లో ఉన్నాయి.

మైకు కొన్నది వెనక వరసల పెద్దల కోసం. పాతది మధ్యలో కీచుమనేది, చేత్తో ఏదైనా చూపిస్తూ మాట్లాడే వక్తకు పనికొచ్చేది కాదు. తాటాకు గ్రంథాల గురించి చెప్పడానికి వచ్చిన పండితుడు ఖాళీ ఆకు మీద గంటంతో రాసి, మసి పూసి తుడిస్తే అక్షరాలు నల్లగా తేలడం చూపించారు. రెండు చేతులూ పనిలో ఉన్న మనిషికి కాలరు మైకే దారి. ప్రొజెక్టరు కొనమని సలహా వచ్చింది. వచ్చే ఏడు హాలు వాళ్ళే ఒకటి పెడతామంటున్నారు, కాబట్టి కొనలేదు.

పుస్తకం పద్దు ఇంకా ముగియలేదు. పన్నెండు ఉపన్యాసాలను రికార్డింగు విని టైపు చేసిన విద్యార్థికి ఒక్కోదానికి రూ. 500 చొప్పున రూ. 6,000 ఇచ్చాం. ప్రెస్సుకు రూ. 8,000 అడ్వాన్సు ఇచ్చాం, మిగిలిన రూ. 9,500 ప్రతులు 300 చేతికి వచ్చాక ఇవ్వాలి. కనుక పైన చెప్పిన మిగుల్లో వాస్తవంగా చేతిలో ఉండేది రూ. 22,137. అందులో రూ. 10,000 కదపకుండా ఉంచి, మిగతాది కొత్త ఏడాదికి జమ చేసుకోవాలని మా ప్రతిపాదన.

38 మంది వక్తల్లో ఆడవాళ్ళు తొమ్మిది మందే. ఇది చాలదు. రాత్రి ఎనిమిదిన్నరకు ముగిసే సమావేశానికి వాళ్ళు వచ్చి, ఇంటికి క్షేమంగా చేరడానికి టాక్సీ ఖర్చు ఎక్కువైనా సరే పెట్టాలి. తోడు వచ్చినవారి భోజనం కూడా ఈ నిధిలోంచే పెట్టింది అందుకే. మీకు తెలిసినవారి పేర్లు చెప్పండి. పేరున్నవాళ్ళే కానక్కర్లేదు, తమ పని గురించి అరగంట చెప్పగలిగితే చాలు.

ఓచర్ల ఫైలు, పాస్‌బుక్కు, సంతోషాల పెట్టె నోటుపుస్తకం హాలు బీరువాలో ఉన్నాయి. బుధవారాల్లో సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు ఏ సభ్యుడైనా, దాత అయినా వచ్చి చూసుకోవచ్చు. అభ్యంతరాలు ఉంటే సర్వసభ్య సమావేశానికి వారం ముందుగా రాతపూర్వకంగా ఇవ్వండి, పేరు పేరునా జవాబిస్తాం. ఆడిటరుగారి సంతకం ఉన్న ప్రతి నోటీసు బోర్డు మీద పెట్టాం.

ఇట్లు,
కోశాధికారి, వక్తల ఉపసంఘం సభ్యులు
చెన్నై