తుపాకీ ఛాంబర్ పని మీద జవాబు ఇవ్వని మీ సంస్థపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

నమస్కారం. మా తాతగారి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీకి 65 మి.మీ. పొడవున్న ఛాంబర్లను, అంటే తూటా కూర్చునే గదులను, 70కి పెంచి ఇస్తామని మీ వర్క్‌షాపువాళ్లే తీసుకున్నారు. పని బాగుందో లేదో తర్వాత చూసుకుందాం. పెంచాక గొట్టం గోడ ఎంత మందం మిగిలింది? నేను అడిగింది ఈ ఒక్క ప్రశ్నే. దానికి మీ దగ్గర మనిషే లేడా?

కౌంటర్ అబ్బాయి ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "వర్క్‌షాప్‌లో అడగండి సార్" అన్నాడు. వర్క్‌షాప్‌కి ఫోన్ చేస్తే "కౌంటర్‌లో రాసి ఇచ్చారా?" అన్నారు. రాసిచ్చాను. ఆ కాగితం ఏమైందో మీ దేవుడికే తెలియాలి. సాయంత్రం అయిదింటికి వచ్చినా మేనేజర్ గారు భోజనానికి వెళ్లారట!

చివరికి ఒక పెద్దమనిషి దయతలచి, 70 మి.మీ. తూటా తీసి ఛాంబర్లో పెట్టి, "చూశారా, నున్నగా వెళ్లింది, ఇంకేం టెన్షన్?" అన్నాడు. ఆహా, ఏం పరీక్షండీ! తూటా మీద రాసేది, అది పేలి, మడిచిన మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలకముందు అది పొట్టిగానే ఉంటుంది, 65 ఛాంబర్లోనూ నున్నగానే వెళ్తుంది. పేలినప్పుడు మూతి విచ్చుకునే చోటు లేకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. చోటు కోసం లోహం చెక్కితే, సరిగ్గా ఆ ఒత్తిడి పడే దగ్గరే గోడ పలచబడుతుంది. పైగా పాత గొట్టాలు ఆ రోజుల తేలికపాటి తూటాలకి చేసినవి. ఇంగ్లండ్‌లోనైతే ఛాంబర్ పెంచిన తుపాకీని మళ్లీ ప్రూఫ్ పరీక్షకి, అంటే ఎక్కువ ఒత్తిడి తూటా పేల్చి గొట్టం బలం చూసే పరీక్షకి, పంపకుండా అమ్మకూడదు. మీకు మాత్రం వేలితో తోసి చూస్తే చాలు.

మా నాన్నగారి హయాం నుంచి తూటాలైనా, నూనె అయినా మీ దగ్గరే కొన్నాం. ఎన్నికలప్పుడు తుపాకీని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి తెచ్చుకున్నాక శుభ్రం చేయించిందీ మీ దగ్గరే. ఆ మొహమాటంతోనే ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఈ గొట్టం పగిలితే ముందు పోయేది దాని కింద పట్టుకున్న నా ఎడమ చెయ్యి, మీ బిల్లు పుస్తకం కాదు.

రెండు గొట్టాలకూ గేజ్‌తో కొలిచిన మందం, కొలిచినవాడి సంతకంతో కాగితం మీద కావాలి. కొలవలేదంటే అదైనా రాసివ్వండి, డబ్బు వాపసు ఇవ్వండి. ఈ వారంలో రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మీ డీలర్ లైసెన్సు చూసే పోలీసు అధికారులకి ఈ లేఖ కాపీ కూడా అందుతుంది. వాళ్లు అడిగినప్పుడు కూడా "వర్క్‌షాప్‌లో అడగండి సార్" అనే చెప్పించండి.

ఇట్లు,
మలక్‌పేట నుంచి మీ పాత ఖాతాదారు