ఆ పట్టాల సంగతి

శ్రీకాకుళం

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. థాయిలాండ్‌లో, కాంచనబురిలో క్వై నది వంతెన మీద నిలబడి నవ్వుతున్నావు. నిన్ను తప్పుపట్టడానికి కాదు తల్లీ ఈ ఉత్తరం. నువ్వు కౌలాలంపూర్‌లో ఉద్యోగానికి బయల్దేరినప్పుడే ఆ పట్టాల సంగతి చెప్పాల్సింది. నోరు రాలేదు.

మీ అమ్మమ్మ మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, పుట్టిందని నీకు తెలుసు. పేరాక్‌లో రబ్బరు తోట, వరసగా కట్టిన కూలీల లైన్లలో ఇల్లు, తెల్లారకముందే చెట్లు గీయడానికి వెళ్ళే అమ్మానాన్న. నాకూ అంతవరకే చెప్పేది. మిగతాదంతా చివరి రోజుల్లో ఒక రూళ్ళ నోట్‌బుక్‌లో రాసిపెట్టింది. ఆమె పోయాక ట్రంకుపెట్టెలో చీరల అడుగున దొరికింది. పేజీల మధ్య జపాన్‌వాళ్ళు మలయాను ఆక్రమించినప్పుడు అచ్చేసిన పది డాలర్ల నోటు, అరటిచెట్టు బొమ్మది. యుద్ధం అయ్యాక బ్రిటిష్‌వాళ్ళు తిరిగొచ్చి ఆ డబ్బు చెల్లదన్నారట. మూడేళ్ళు దాచినదంతా ఒక్కరోజులో చిత్తుకాగితాలైపోయింది.

1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం మలయా తీరంలో కోట భారు దగ్గర దిగింది. 1942 ఫిబ్రవరి 15కి సింగపూరు కూడా లొంగిపోయింది. దొరలు కార్లెక్కి పోయారు, రబ్బరు కొనే నాథుడు లేడు. బియ్యం ఎక్కువ భాగం బర్మా, సయాం (ఇప్పటి థాయిలాండ్) నుంచే వచ్చేది, అదీ ఆగింది. మూడు పూటలా కర్రపెండలం. కట్టుకోను గోనెపట్టాలు. సంతలో కర్రపెండలం కుప్ప కనిపిస్తే అమ్మ రోడ్డు దాటి అవతలికి పోయేది. మేము అది చాదస్తం అనుకునేవాళ్ళం. ఒక్కసారైనా ఎందుకమ్మా అని అడగలేదు. ఇప్పటికీ బాధే నాకు.

1943లో మూడు నెలల పని, మంచి కూలి అని చెప్పి జపాన్‌వాళ్ళు తోటల నుంచి మగవాళ్ళను రైలెక్కించారు. మా తాత అలా వెళ్ళినవాడే. సయాం నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలుమార్గం అడవిలో వేయించారు. నువ్వు నిలబడ్డ వంతెన ఆ మార్గంలోదే. కలరా, ఆకలి, దెబ్బలు. యుద్ధఖైదీలు 12 వేలకు పైగా పోయారు. మలయా, బర్మా, జావా కూలీలు అంతకంటే ఎన్నో రెట్లు పోయారు. మలయా నుంచి వెళ్ళినవాళ్ళలో అరవవాళ్ళు ఎక్కువ, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. తాత తిరిగి రాలేదు.

నోట్‌బుక్ అంతా 'నేను', 'మేము' అనే రాసింది. ఒక్కచోట మాత్రం 'ఆ గుంట', అంటే ఆ పిల్ల, అని ఉంది. సైనికులు లైన్లలోకి వచ్చారని కేక పడగానే తల్లి ఆ గుంట జుట్టు కత్తిరించి, మొహానికి మసి పూసి, అన్న చొక్కా తొడిగి తోట కాలవలో పడుకోబెట్టింది. రాత్రంతా జలగలు. తెల్లారి వచ్చేసరికి పక్కింటి పెద్దపిల్ల లేదు. మూడోనాడు తిరిగొచ్చింది, ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ గుంట రోజూ వెళ్ళి ఆ పిల్లకి జడ వేసేది. తన తల మీద మాత్రం వేలెడు జుట్టు లేదు.

తర్వాతి పేరాలో మళ్ళీ 'నేను' మొదలైంది. 1946లో ఓడెక్కడం, విశాఖలో దిగడం, మేనమామ ఇల్లు.

కాలవలో పడుకున్నది అమ్మే కదా. అలా ఎందుకు రాసిందో అర్థమయ్యాక ఆ పేజీ మూయలేకపోయాను. పదమూడేళ్ళది, అమ్మలూ.

వచ్చే నెల మళ్ళీ కాంచనబురి వెళ్తానన్నావు. ఆ ఊళ్ళో పెద్ద సమాధుల తోట ఉంటుంది. దాదాపు ఏడు వేల మంది యుద్ధఖైదీలు, బ్రిటిష్‌వాళ్ళు, ఆస్ట్రేలియావాళ్ళు, డచ్‌వాళ్ళు. వాళ్ళకూ దండం పెట్టు, వాళ్ళూ ఎవరో కన్నబిడ్డలే. తాత పేరు మాత్రం అక్కడ ఏ రాయి మీదా ఉండదు. నది ఒడ్డుకు వెళ్ళి ఆయన పేరు పైకి ఒకసారి అను. మొదటి పేజీలో ఉంది, ఫోన్లో ఫొటో తీసి పంపుతున్నాను. అమ్మమ్మది గొలుసుకట్టు రాత, మెల్లగా కూడబలుక్కుని చదువుకో.

మీ అమ్మ