కుంగ్ ఫూ సినిమా పెద్దల మాటలు, మన ఫైట్ మాస్టర్ల మాటలు

సంపాదకుడి గారికి,

అయ్యా,

పాత కుంగ్ ఫూ సినిమాల నటుడో, దర్శకుడో కన్నుమూసినప్పుడు మన పత్రికల్లో ఒక ఫొటో, నాలుగు సినిమాల పేర్లు, బ్రూస్ లీతోనో జాకీ చాన్‌తోనో ఉన్న పరిచయం గురించి ఒక మాట కనిపిస్తాయి. అంతటితో సరి. 2022 ఏప్రిల్‌లో జిమ్మీ వాంగ్ యూ, 2024 జులైలో చెంగ్ పే పే పోయినప్పుడు నేను చదివిన తెలుగు వార్తలు ఇలాగే ఉన్నాయి. ఆ తరంవారు తమ పని గురించి ఎన్నో ఇంటర్వ్యూల్లో వివరంగా మాట్లాడారు. ఆ మాటలను సినిమా కబుర్లుగా కాకుండా ఒక కళకు మిగిలిన ఆధారాలుగా చూడాలనీ, మన దగ్గర అదే పని చేసినవారి మాటలను కూడా ఆలస్యం కాకముందే నమోదు చేయించాలనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఇంటర్వ్యూలకు ఇంత విలువ ఎందుకంటే, ఆనాటి హాంకాంగ్ సినిమా తయారైన పద్ధతి అలాంటిది. పోరాట దృశ్యం చాలావరకు కాగితం మీద పుట్టేది కాదు. ఫైట్ మాస్టర్ సెట్లో నిలబడి, తన ఫైటర్లతో కొన్ని కదలికలు చేయించి చూసి, కెమెరా ఎక్కడ పెట్టాలో అక్కడికక్కడే తేల్చుకుని, ఆ ముక్క తీశాక తర్వాతి ముక్కకు వెళ్లేవారు. తెర మీద ఫలితం మిగిలింది గానీ, ఆ దెబ్బ ఆ కోణంలోనే ఎందుకు పడిందో, మొదట అనుకున్నదేమిటో, ఏది కుదరక మార్చారో రాసిపెట్టినవారు తక్కువ. పైగా అప్పట్లో షా బ్రదర్స్, గోల్డెన్ హార్వెస్ట్ వంటి సంస్థల సినిమాలను శబ్దం లేకుండా తీసి, తర్వాత డబ్బింగ్ కళాకారులతో మాటలు చెప్పించేవారు. అందువల్ల ఆ తారల్లో చాలామంది సొంత గొంతు వారి సినిమాల్లోనే వినపడదు. హాంకాంగ్‌లో తీసిన సినిమాల్లో బ్రూస్ లీ నోట మనం విన్న సంభాషణలు కూడా ఎక్కువగా వేరొకరు చెప్పినవే. ఆ మనుషులు తమ గొంతుతో, తమ మాటల్లో మనకు దొరికేది ఇంటర్వ్యూల్లోనే.

ఫైట్ మాస్టర్‌గా మొదలై దర్శకుడైన లౌ కార్ ల్యూంగ్‌నే తీసుకోండి. ఆయన తండ్రి లౌ చామ్, లామ్ సాయ్ వింగ్ శిష్యుడు. ఆ లామ్ సాయ్ వింగ్‌కు గురువు, దక్షిణ చైనా ప్రజలు కథలుగా చెప్పుకునే వాంగ్ ఫే హుంగ్. 1949 నుంచి క్వాన్ తక్ హింగ్ నాయకుడిగా వరుసగా వచ్చిన వాంగ్ ఫే హుంగ్ సినిమాల్లో ఈ తండ్రీకొడుకులిద్దరూ పనిచేశారు. తర్వాత లౌ, మరో ఫైట్ మాస్టర్ టాంగ్ గాయ్‌తో కలిసి షా బ్రదర్స్ దర్శకుడు చాంగ్ చే సినిమాలకు పోరాటాలు కూర్చి, 1975లో తానే దర్శకుడయ్యారు. 1978లో ఆయన తీసిన ‘ది 36త్ చాంబర్ ఆఫ్ షావొలిన్’లో శిష్యుడు రెండు చేతులూ బారచాపి నీళ్ల బకెట్లు మోస్తూ నడవాలి. చేతుల లోపలివైపు కత్తులు కట్టి ఉంటాయి కనుక చేయి కాస్త దిగిందంటే మొన పక్కటెముకలకు తగులుతుంది. హాల్లో కూర్చున్నవారికి అది ఒళ్లు జలదరించే దృశ్యం. లౌ ఇంటర్వ్యూలు చదివినవారికి మాత్రం అందులో ఆయన నమ్మకం కనిపిస్తుంది. విద్య నేర్చుకోవడమే కథ కావాలనీ, చంపడం కన్నా యోధుడి ధర్మం, నిగ్రహం తెర మీద కనిపించాలనీ ఆయన పదేపదే చెప్పారు. నాయకుడు నెత్తుటి మడుగులో నిలబడే ప్రాణం విడవడం మామూలైన చాంగ్ చే సినిమాలకు ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి ఈ మాట అంటున్నారని గుర్తుంచుకుంటే, దాని బరువు ఇంకా బాగా తెలుస్తుంది. చాంగ్ చే కూడా తన జ్ఞాపకాలను రాసిపెట్టే వెళ్లారు. గురుశిష్యులని చెప్పలేని, అలాగని పరాయివారని కూడా అనలేని ఈ ఇద్దరి మాటలనూ పక్కపక్కన పెట్టుకుని చదివే అదృష్టం ఈనాటి విద్యార్థికి దక్కిందంటే, ఎవరో ఓపికగా కూర్చుని రాయించడం, అడగడం వల్లనే కదా!

అదే షా బ్రదర్స్ స్టూడియోలో ఇంకో దారి పట్టినవారు దర్శకుడు కింగ్ హు. ఆయనకు పోరాటమంటే నృత్యం. పెకింగ్ ఒపేరా అనే చైనా సంప్రదాయ సంగీత నాటకపు తాళగతి నుంచే తన పోరాటాలు వచ్చాయని ఆయన దాపరికం లేకుండా చెప్పేవారు. 1966లో వచ్చిన ‘కమ్ డ్రింక్ విత్ మీ’కి ఆయన నాట్యం నేర్చిన చెంగ్ పే పేని నాయికగా ఎంచుకున్నారు. తనకు తెలిసింది యుద్ధవిద్య కాదనీ, నాట్యమే ఆ పాత్రలో తనను నిలబెట్టిందనీ ఆమె ఎన్నో ఏళ్ల తర్వాత కూడా చెబుతూనే వచ్చారు. ఆ తర్వాత తైవాన్‌లో ఆయన తీసి, 1975లో కాన్ చిత్రోత్సవంలో సాంకేతిక బహుమతి పొందిన ‘ఎ టచ్ ఆఫ్ జెన్’లో వెదురు వనం పోరాటం చూడండి. మనుషులు పైనుంచి దూకుతుంటే, చూపు నిలిచేలోపే షాట్ తెగిపోతుంది. అక్కడ గెలిచింది ఎడిటింగ్ బల్ల. పోరాటం నిజంగా తెలిసినవారే చేయాలన్న లౌ మాట, నృత్యంగా కూర్చాలన్న కింగ్ హు మాట రెండూ తెలియకపోతే, ఆ సినిమాలను ఎన్నిసార్లు చూసినా సగమే చూసినట్టు.

ఇలాంటి మాటలు ఎంత తేలిగ్గా చేజారిపోతాయో కూడా చెప్పాలి. బ్రూస్ లీ 1971లో హాంకాంగ్‌లో కెనడా పాత్రికేయుడు పియెర్ బెర్టన్‌కు టీవీ ఇంటర్వ్యూ ఇచ్చారు. చైనీయుణ్ణి నాయకుడిగా పెట్టడానికి అమెరికా టీవీవారు ఎందుకు జంకుతారో అందులో ఆయన నిదానంగా వివరించారు. 1973లో ఆయన పోయారు. ఆ టేపు మాత్రం ఏళ్ల తరబడి ఎవరికీ కనపడక, 1994లో గానీ బయటపడలేదు. ‘ఎంటర్ ది డ్రాగన్’లో ఆయన చెల్లెలిగా నటించిన ఏంజెలా మావో సినిమాలు వదిలి న్యూయార్క్‌లో స్థిరపడి, కుటుంబంతో కలిసి రెస్టారెంట్లు నడుపుకుంటుంటే, పాత్రికేయులు ఆమెను వెతుక్కుంటూ వెళ్లడానికి దశాబ్దాలు పట్టింది. హాంకాంగ్ ప్రభుత్వం మాత్రం బాధ్యత తీసుకుంది. 2001లో సాయ్ వాన్ హోలో తెరిచిన హాంకాంగ్ ఫిల్మ్ ఆర్కైవ్ పాత రీళ్లతో పాటు పెద్దల మౌఖిక చరిత్రను కూడా భద్రపరుస్తూ, పుస్తకాలుగా అచ్చువేస్తోంది.

అయితే ఎన్ని ఇంటర్వ్యూలు ఉన్నాయన్నదాని కన్నా ఏమి అడిగారన్నదే ముఖ్యం. ఎన్ని ఎముకలు విరిగాయి, బ్రూస్ లీ నిజంగా ఎలా చనిపోయారు వంటి ప్రశ్నలతో గంట గడిపేసిన ఇంటర్వ్యూలకు కొదవ లేదు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి ముందు కూర్చుని పుకార్లను నిర్ధారించమని అడగడం ఆయన సమయాన్నీ మన అవకాశాన్నీ పాడుచేయడమే. ఆ దూకుడుకు కింద ఏమి పరిచారు, వైరు ఎవరు పట్టుకున్నారు, దెబ్బ తగిలిన రోజున కూలి ఇచ్చారా, కెమెరా వేగం తగ్గించి తీశారా అని అడిగినప్పుడే కళ గురించీ, కార్మికుడి గురించీ తెలుస్తుంది.

మనకు దీనితో సంబంధం లేదనుకోవడానికి వీల్లేదు. ఆ సినిమాలు చూసిన ఉత్సాహంతో మన ఊళ్లలో కరాటే నేర్చుకున్న కుర్రాళ్లు ఎందరో. సుమన్, భానుచందర్ వంటి నటులకు ఆ విద్యే ప్రత్యేకతను తెచ్చింది. మద్రాసులో ఉన్నప్పటి నుంచీ తెలుగు సినిమాకు పోరాటాలు కూర్చినవారు, డూపులుగా దూకినవారు ఇప్పుడు వయసు మళ్లి ఉన్నారు. దక్షిణాది సినిమాలెన్నింటికో పనిచేసిన ఫైట్ మాస్టర్ జూడో రత్నం గారు 2023 జనవరిలో వెళ్లిపోయారు. ఆయన వెనక పనిచేసిన ఫైటర్ల పేర్లు టైటిల్స్‌లో కూడా దొరకవు.

రెండు తెలుగు రాష్ట్రాల చలనచిత్ర అభివృద్ధి సంస్థలు, సినిమా కోర్సులున్న విశ్వవిద్యాలయాలు ఈ పని చేపట్టాలి. వారు కదిలేలోపు మీ పత్రిక నెలకు ఒక పేజీ కేటాయించి, ఒక ఫైట్ మాస్టర్‌నో, ఫైటర్‌నో పూర్తిగా మాట్లాడించవచ్చు. అచ్చులో పట్టనిది వెబ్‌సైట్‌లో పెట్టండి, ఆడియోను చెరిపివేయకండి. వెళ్లేవారు ఆ ఫైట్ ఉన్న సినిమాను ఫోన్‌లో వెంట తీసుకెళ్లి, షాట్ షాట్‌కూ ఆపి, ఇక్కడ దూకింది ఎవరని అడిగితే, పెద్దవారికి పేర్లు గుర్తు తెచ్చుకోవడం సులువవుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తెనాలి