చెర్రీ నీళ్ళగిన్నె గురించి

చిన్నాకు అమ్మ ఆశీస్సులు.

రాత్రిళ్ళు నీ కుక్క చెర్రీ మూత్రం పోసి గదంతా తడిపేస్తోందని, అందుకే తొమ్మిదింటికే నీళ్ళగిన్నె తీసేస్తున్నానని నిన్న ఫోనులో అన్నావు. గిన్నె వెంటనే పెట్టేయమని మాత్రం చెప్పగలిగాను. మిగతాది చెప్పబోతే గొంతు పూడుకుపోయింది. అందుకే రాస్తున్నాను.

మన పాత కుక్క రాణి పోయినప్పుడు నువ్వు ఏడో తరగతి. వడదెబ్బ తగిలిందని నీకు చెప్పాం. అది నిజం కాదు నాన్నా. ఆ మే నెలంతా నేను గిన్నె నింపుతూనే ఉన్నాను, అది ఖాళీ చేస్తూనే ఉంది. బెజవాడ ఎండలకు మనమే కుండలకు కుండలు తాగేస్తున్నాం, నోరులేని జీవి తాగదా అనుకున్నాను. తర్వాత అన్నం ముట్టడం తగ్గించింది. తోక కింద అదే పనిగా నాక్కునేది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి గర్భసంచి నిండా చీము. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు, ఎద ముగిసిన నెలా రెండు నెలల్లో ఎక్కువగా వచ్చే జబ్బు అది. ఆ క్రిముల విషం వల్ల మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవు. వచ్చిన నీరు వచ్చినట్టే బయటికి పోతుంది. రాణి ఆ లోటు పూడ్చుకోవడానికే తాగింది. వారం ముందు తీసుకెళ్ళి ఉంటే గర్భసంచి తీసేసి బతికించేవాళ్ళేమో.

తాగుతోంది కాబట్టే పోస్తోందని మనకు అనిపిస్తుంది. జబ్బు చేసినప్పుడు చాలావరకు పోతోంది కాబట్టే తాగుతుంది. అలాంటప్పుడు గిన్నె తీసేస్తే మూత్రం ఆగదు, ఒళ్ళు ఎండిపోతుంది. గదిలో పాత దుప్పట్లు పరిచి పెట్టు, రాత్రి ఒకసారి లేచి బయటికి తీసుకెళ్ళు. నిద్ర చెడుతుందని తెలుసు. కొన్నాళ్ళు ఓర్చుకో.

ఎంత తాగుతోందో కొలిచి చూడు. పొద్దున సీసాతో కొలిచి గిన్నెలో పోసి, మర్నాడు అదే వేళకు మిగిలింది కొలువు. బకెట్ల మీద మూతలు పెట్టు, లేకపోతే లెక్క తప్పుతుంది. కిలో బరువుకు రోజుకు 50, 60 మిల్లీలీటర్లు మామూలు. 100 దాటితే తప్పకుండా పరీక్ష చేయించాలి. చెర్రీ 12 కిలోలన్నావు కదా, అంటే లీటరుంపావుకు దగ్గరైతే ఆలస్యం చేయకూడదు. పెరుగన్నం మాని కుక్కల కోసం అమ్మే ఎండు గుళికల తిండి పెడుతుంటే కొంత ఎక్కువ తాగడం సహజమే, వాటిలో తేమ పదో వంతే. దురదకు మాత్రలు వేస్తున్నావు కదా, ఆ చీటీ డాక్టరుకు చూపించు. స్టీరాయిడ్ మాత్రలకు దాహం బాగా పెరుగుతుంది. అలాగని నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపేయకు, అదీ ప్రమాదమే.

బాగా తింటూనే చిక్కిపోతోందా? అయితే చక్కెర జబ్బేమో చూడాలి. పొట్ట వేలాడుతూ వెంట్రుకలు రాలుతుంటే అదీ చెప్పు. మూత్రపిండాల జబ్బు మరీ మొండిది, రక్తపరీక్షలో తేలేసరికే వాటి శక్తి చాలావరకు పోయి ఉంటుంది. అందుకే రక్తంతో పాటు మూత్రం కూడా చూడమను. పొద్దున్నే మొదటిసారి పోసేది శుభ్రమైన గరిటెతో పట్టి, సీసాలో పోసి, ఆలస్యం చేయకుండా తీసుకెళ్ళు. ఆ పూట కూడా నీళ్ళలా తెల్లగా ఉంటే ఆ మాట చెప్పు.

అన్నిటికన్నా ముందు ఒక్కటి అడుగుతున్నాను. చెర్రీ ఈమధ్య ఎప్పుడు ఎదకు వచ్చింది? ఆపరేషన్ కాలేదని నాకు గుర్తు. ఈ రెండు నెలల్లోనే అయితే కొలతలూ లెక్కలూ పక్కన పెట్టి, ఈ ఉత్తరం చదివిన పూటే ఆఫీసుకు సెలవు పెట్టి స్కానింగ్ చేయించు. చీము బయటికి కనబడడం లేదని ఆగకు, లోపలే నిలిచిపోతే మరీ ప్రమాదం. డబ్బు సంగతి ఆలోచించకు, నాన్నగారు ఈరోజే పంపుతున్నారు.

డాక్టరు ఏమన్నదీ రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోను చేసి చెప్పు. మేలుకునే ఉంటాను.

అమ్మ